తోక తాళం

తాళం పుట్టిందే తెరుచుకోకుండా ఉండటానికని నికిఫర్ సవేల్యిచ్ యాభై ఏళ్ళు నమ్మాడు. యాభై ఒకటో ఏట ఆయన్ని తీసుకొచ్చి, తెరుచుకోకపోతే మనిషి ప్రాణం పోయే తాళాల ముందు నిలబెట్టారు. ఆ రోజు నుంచి ఆయనకి కంటి నిండా నిద్ర లేదని భార్య ఉస్తీన్య మా ఏరోడ్రోమ్ కాలనీ అంతటికీ చెప్పేది. ఆవిడ ఏది చెప్పినా కాస్త కలిపి చెప్పే మనిషే గానీ, ఇందులో మాత్రం ఏమీ కలపలేదు.

నికిఫర్‌ది ఓకా నది ఒడ్డున ఉన్న పావ్లొవో. అక్కడ తాళాల పని ఉగ్గుపాలతో పెట్టిన విద్య. వాళ్ళ నాన్న బఠాణీ గింజంత తాళం చేసి, దానికి తాళంచెవి కూడా చేసి, గడియారం గొలుసుకి తగిలించుకుని తిరిగేవాడు. రెండు ఇనుప ముక్కలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటానికి ఆ ఊరి వాళ్ళు కొలత పరికరాలు తీయరు. నునుపు చేసిన ముక్క మీద నోరు తెరిచి వెచ్చగా ఊదుతారు. పల్చటి ఆవిరి పొర పడుతుంది. రెండో ముక్కని దానిమీద నొక్కి తీస్తే ఎత్తుగా ఉన్న చోట పొర చెరిగిపోతుంది. అక్కడ ఆకురాయితో ఒక్క రుద్దు రుద్ది మళ్ళీ ఊదుతారు. "కళ్ళు మోసం చేస్తాయి, వేళ్ళు మోసం చేస్తాయి. ఊపిరి అబద్ధమాడదురా," అనేవాడు వాళ్ళ నాన్న. నికిఫర్‌కి అది పనిలో భాగమని కూడా తెలీదు. మనం అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టు, తాళం మూసేముందు ఆయన ఊదేవాడు.

అంత సన్నటి పనివాడు మాస్కో పక్కన మా ఏరోడ్రోమ్‌కి ఎందుకు కావలసివచ్చాడంటే, ఇక్కడ పెద్ద విమానానికి చిన్న విమానాలని తగిలించే పని జరిగేది. ఫైటర్ చురుకైనదే, కానీ దాని పెట్రోలు ట్యాంకు పిట్ట కడుపు. దూరం పోలేదు. నాలుగింజన్ల బాంబర్ ఎంత దూరమైనా పోతుంది గానీ ముసలి ఏనుగులా నడుస్తుంది, ఎవరైనా వెంటపడితే తప్పించుకోలేదు. అందుకని మావాళ్ళు బాంబర్ రెక్కల కింద, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు ఫైటర్లని పైలట్లతో సహా వేలాడదీసి, పైకి తీసుకుపోయి అక్కడ వదిలేవారు. బాంబర్‌ని అందరూ అమ్మ అనేవారు. ఫైటర్లు కూనలు. ఒక్కో కూనకి మూడు తాళాలు: ముందు రెండు, తోక దగ్గర ఒకటి. పైలట్ పిడి లాగితే మొదట తోక తాళం విడాలి. అది విడితే తప్ప ముందువి కదలవు. ఆ తోక తాళాలు రెండూ నికిఫర్ చేతిపనే.

ఆ రోజులు ఎలాంటివో మావాళ్ళకి చెప్పక్కర్లేదు. నికిఫర్ కంటే ముందు వర్క్‌షాప్ పెద్దగా ఉన్న జఖార్ అనే ఆయన బిగించిన బోల్టు ఒకటి ఆకురాలు కాలంలో బీటలిచ్చింది. మర్నాడు ఆయన పనిలోకి రాలేదు. ఆయన గది తలుపు మీద అంటించిన కాగితం సీలు నెల రోజులు అలాగే ఉంది, ఆ వరండాలో నడిచేవాళ్ళంతా దాని వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నారు. ఆఫీసు రెండో అంతస్తులో కూర్చునే రహస్య పోలీసుల మనిషి అందరికీ మర్యాదగా నమస్కారం పెట్టేవాడు, అదే భయం. వర్క్‌షాపులో గొంతు తగ్గించి ఒక మాట అనుకునేవారు: పైలట్ చేస్తే పొరపాటు, ఫిట్టర్ చేస్తే కుట్ర. ఉస్తీన్య పొయ్యి మీద నల్లరొట్టె ముక్కలు ఎండబెట్టి, రెండు జతల ఉన్ని మేజోళ్ళు, ఒక సబ్బుముక్క కలిపి మూటకట్టి మంచం కింద పెట్టింది. ఎందుకని నికిఫర్ అడగలేదు. ఉన్నట్టుండి వచ్చి తీసుకుపోతే జైలుకి పట్టుకెళ్ళడానికి ప్రతి ఇంట్లోనూ ఒక మూట ఉండేది.

పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిది ఫిబ్రవరిలో పరీక్ష చూడటానికి మాస్కో నుంచి కమిషన్ వచ్చింది. ఆ ఉదయం చలి సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీలు కింద. కూనలని రెక్కల కిందకి ఎత్తేటప్పుడు కుడివైపు దాని తోక ఊగి, తాళం కొక్కెం అంచు కాస్త గీసుకుపోయింది. వెంట్రుక మందం గీత. విప్పి వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళి సరిచేస్తే రెండు గంటలు. కమిషన్ వాళ్ళు అప్పటికే బొచ్చుకోట్ల కాలర్లు పైకెత్తుకుని మంచులో కాళ్ళు మారుస్తూ నిలబడ్డారు. నికిఫర్ అక్కడే, ఆ గాలిలోనే, ఆకురాయి తీశాడు. రుద్దాడు, మూసి చూశాడు, మళ్ళీ రుద్దాడు. పని బాగానే కుదిరింది. తాళం బిగించి, ఫారం మీద సంతకం పెట్టాడు. వేళ్ళు కొంకర్లు పోయి సంతకం వేరే వాళ్ళది లాగా వచ్చింది.

కుడి కూన పైలట్ కెప్టెన్ రొద్యోన్ షూబిన్, ముద్దుపేరు రోద్యా. ముప్పై ఏళ్ళవాడు, ముక్కు మీద మంచు కాటు మచ్చ, నోటికి తాళం లేని మనిషి. ఎక్కేముందు ఎప్పటిలాగే నికిఫర్ పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు, పక్కన నికిఫర్‌ని కూర్చోబెట్టాడు. ప్రయాణానికి ముందు ఒక్క క్షణం మాట్లాడకుండా కూర్చోకపోతే ఎంత కమ్యూనిస్టు పార్టీ మనిషికైనా మాలో కాళ్ళాడవు. లేచి, చేతి తొడుగులు వేసుకుంటూ, "తలుపు తీస్తుందా బాబాయ్ మీ పావ్లొవో పిల్ల?" అన్నాడు. తీస్తుంది అన్నట్టు నికిఫర్ తల ఊపాడు.

నాలుగింజన్లూ గర్జించి, అమ్మ రెండు కూనలనీ మోసుకుని మంచు రేపుకుంటూ లేచింది. వెయ్యి మీటర్లు ఎక్కి, ఏరోడ్రోమ్ మీదకి తిరిగొచ్చి వదలడానికి ఇరవై రెండు నిమిషాలని లెక్క. నికిఫర్ హ్యాంగర్ గోడ పక్కన నిలబడి తలెత్తి చూస్తున్నాడు. మీసం బిగుసుకున్నట్టనిపించి చేత్తో తడిమాడు. ఊపిరి తగిలి మీసం వెంట్రుకలు గాజుముక్కల్లా గట్టిపడ్డాయి. ఒకటి పుటుక్కున విరిగి తొడుగులోకి వచ్చింది. దాన్ని చూస్తూ ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు.

ఆయన ఊదాడు. తాళం మూసేముందు ఊదాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. వెచ్చటి వర్క్‌షాపులో ఆ ఆవిరి రెప్పపాటులో ఆరిపోతుంది. ఇరవై ఎనిమిది డిగ్రీల చలిలో అది ఎక్కడికి పోతుంది? పన్నుకీ గాడికీ మధ్య వెంట్రుక పట్టే సందు, ఆ సందులో కూర్చుని గడ్డకడుతుంది. నాన్న చెప్పింది నిజమే, ఊపిరి అబద్ధమాడదు. కానీ నాన్న ఎన్నడూ ఆరుబయట తాళం చేయలేదు.

గడియారం చూశాడు. అప్పటికి నాలుగు నిమిషాలైంది. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. రేడియో గది రెండువందల అడుగుల దూరం. వెళ్ళి ఒక్క మాట చెప్తే అమ్మ కూనలతో సహా దిగిపోతుంది. రెండు తోక తాళాలూ మూసే ఉంటే దిగడానికి ఏ ఇబ్బందీ లేదు, అలా చాలాసార్లు దిగింది కూడా. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుంది. కమిషన్ ముందు, రెండో అంతస్తు మనిషి ముందు, విమానంలో మంచు పెట్టాను అని తన నోటితో తను చెప్పుకోవాలి. జఖార్ బోల్టుకి కనీసం ఇనుము వంక ఉంది. తనకి ఏ వంకా లేదు, స్వయంగా నోటితో ఊదాడు.

కాళ్ళు కదలలేదు. పల్చటి పొరే కదా, ఇనుప పన్ను దాన్ని గీరేస్తుంది అనుకున్నాడు. పైన గాలి పొడిగా ఉంటుంది, లాగేస్తుంది అనుకున్నాడు. అసలు మూడోసారి ఊదానా, ఊదలేదా అని తనతో తను బేరాలాడాడు. పది నిమిషాలున్నప్పుడు ఒక అడుగు వేశాడు. రెండో అంతస్తు మనిషి సిగరెట్టు ముట్టించుకుంటూ ఆయన వైపు చూసి మర్యాదగా తల ఊపాడు. నికిఫర్ కూడా తల ఊపి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. దేవుడి పేరు ఎత్తకూడని చోట, తొడుగులో వేళ్ళతో శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంత పిరికితనం తనలో ఉందని ఆయనకి ఆ రోజుదాకా తెలీదు.

అమ్మ ఏరోడ్రోమ్ మీదకి వచ్చింది. ఎడమ కూన విడింది. ఒక్క క్షణం కిందకి జారి, నిలదొక్కుకుని, పక్కకి తిరిగి పోయింది. కమిషన్ వాళ్ళు చేతి తొడుగులతోనే చప్పట్లు కొట్టారు. కుడిది విడలేదు. ఒకవైపు బరువు దిగిపోయి అమ్మ కుడివైపు ఒరిగింది, మెల్లగా సర్దుకుంది, మళ్ళీ ఒరిగింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు కదిలాయి కాళ్ళు. నికిఫర్ రేడియో గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి అక్కడ ఇద్దరే ఉన్నారు. ఒకరు పెద్ద ఇంజినీరు యెఫీమ్ ల్వోవిచ్, రెండోది చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని టెలిగ్రాఫ్ మీట మీద వేలుంచిన ఆపరేటర్ రిమ్మా. పైనుంచి సందేశం అప్పుడే వచ్చింది. షూబిన్ పిడి లాగాడు, సగం వచ్చి ఆగింది, ఇక ముందుకీ వెనక్కీ రావడం లేదు. బాంబర్‌ని ఇలా ఒరిగి ఎక్కువసేపు పట్టుకోలేము, పది నిమిషాల్లో దిగుతాము.

దిగితే ఏమవుతుందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. సగం విడిన తాళం నేల తగిలిన కుదుపుకి పూర్తిగా విడుతుంది. తోక నేలని కొడుతుంది, కూన అడ్డం తిరుగుతుంది, అమ్మ దానిమీద కూలబడుతుంది. షూబిన్ దూకడానికి కూడా లేదు. తల మీద పెద్ద రెక్క.

ఇంజినీరు ముఖం గోడ సున్నంలా ఉంది. కొక్కెం వంగిపోయిందని ఆయన అనుమానం. ఉదయం గీసుకుంది కదా, అక్కడే వంగి ఉంటుంది, ఇప్పుడు ఏ కాస్త బలం పెట్టినా విరుగుతుంది, కాబట్టి ఏమీ ముట్టుకోకుండా దిగమనడమే నయం అని ఆయన లెక్క.

"వంగలేదు," అన్నాడు నికిఫర్. "మంచు పట్టింది. లాగితే రాదు. షూబిన్‌ని విమానం నడిపే కర్ర ముందుకి తొయ్యమనండి. తోక పైకి నొక్కుకుంటుంది. నొక్కి పట్టుకుని అప్పుడు పిడి లాగాలి. చలికాలం గేటు తాళం ఎవరైనా అలాగేగా తీసేది."

రిమ్మా వేలు మీట మీదే ఉంది, కదలలేదు. రిజిస్టర్‌లో రాయకుండా ఒక్క అక్షరం పైకి పంపడానికి వీల్లేదు. ఎవరి మాట మీద, ఏ కారణం వల్ల, ఈ రెండు గడులూ నింపాలి. కుట్టిన రిజిస్టర్, పేజీలకి నంబర్లు, చివర లక్క ముద్ర. ఒక కాగితం చింపితే మనిషి పోతాడు.

"ఎడమది విడింది నికిఫర్ సవేల్యిచ్," అన్నాడు ఇంజినీరు. "చలి దానికీ ఇంతే ఉంది. మంచు కుడిదానికే ఎందుకు పడుతుంది? కొక్కెం వంగి ఉండి నేను నొక్కమన్నాననుకోండి, ఆ కుర్రాణ్ణి నా చేత్తో నేనే చంపినట్టు. మీకు ఎలా తెలుసు?"

నికిఫర్ గోడ మీది గడియారం చూశాడు. తర్వాత నేల వైపు చూస్తూ చెప్పాడు. "నేనే ఊదాను. ఆకురాయి పట్టాక సరిచూడటానికి. ఆరుబయట. మూడుసార్లు."

ఇంజినీరు ఆయన్ని తేరిపార చూశాడు. తిట్టడానికి కూడా సమయం లేదు. రిమ్మా వైపు తిరిగి, పంపమన్నాడు. రిమ్మా ఒక చేత్తో రాసింది, ఒక చేత్తో మీట కొట్టింది. పంపడం అయ్యాక పెన్సిల్ కాగితం మీదే ఆపి, తలెత్తకుండా అడిగింది: "కారణం గడిలో 'తాళంలో మంచు' అని రాశాను. ఇంకేమైనా రాయాలా?"

"చాలు," అన్నాడు ఇంజినీరు.

ముగ్గురూ బయటికి రాలేదు. కిటికీ అద్దం మీది మంచుని నికిఫర్ గోటితో గీరి, ఆ చిల్లులోంచి చూశాడు. బాంబర్ నుంచి షూబిన్‌కి ఒక టెలిఫోన్ తీగ ఉంది. ఆ తీగ మీద మాట వెళ్ళాలి, వాడు వినాలి, నమ్మాలి. కుడి రెక్క కింద ఆ చిన్న ఆకారం తోక పైకెత్తింది. ఎత్తి అలాగే ఉంది. నికిఫర్‌కి ఆ కొక్కెంలో ప్రతి అంచూ తెలుసు, తన దవడలు బిగించి తనే దాన్ని నొక్కుతున్నట్టు నిలబడ్డాడు. చిన్న ఆకారం ఊగింది. విడింది. కిందకి జారి, నిలదొక్కుకుంది.

నికిఫర్ కిటికీ దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. రిమ్మా హెడ్‌ఫోన్లు తీసి, నీళ్ళ గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఒక్క గుక్కలో తాగేశాడు.

షూబిన్ దిగి, నేరుగా వచ్చి ఆయన వీపు మీద చరిచాడు. "ఏం బాబాయ్, నన్ను జీవితాంతం అమ్మ ఒళ్ళోనే ఉంచేద్దామనుకున్నావా?" అని నవ్వాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నికిఫర్‌కి ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది, చలికి కళ్ళు నీరుకారాయనుకోమన్నట్టు తొడుగుతో తుడుచుకున్నాడు.

అసలు భయం ఆ తర్వాతే మొదలైంది. కమిషన్ వాళ్ళు రిజిస్టర్ చూశారు. తాళంలో మంచు. సరే, మంచు ఎక్కణ్ణించి వచ్చింది? మూడు తాళాల్లో ఒక్కదానికే ఎందుకు వచ్చింది? సంబంధించిన వాళ్ళంతా రాతపూర్వకంగా జవాబివ్వాలని, నాలుగు రోజులు గడువని అన్నారు. నికిఫర్ కాగితం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. తన పేరు, పుట్టిన ఊరు రాశాక కలం ముందుకి సాగేది కాదు.

ఇంట్లో ఉస్తీన్యకి అంతా చెప్పాడు. అంతా అంటే ఆ పద్దెనిమిది నిమిషాలు తప్ప. ఆవిడ మూట విప్పి, మేజోళ్ళు ఇంకో జత చేర్చి, మళ్ళీ కట్టింది. వరండాలో బూట్ల చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ తింటున్న చెంచాలు ఆపేవారు. చప్పుడు వాళ్ళ తలుపు దాటిపోయాక మళ్ళీ తినేవారు. ఎవరి తలుపు దగ్గర ఆగిందో వినడానికి ఇద్దరికీ సిగ్గుగా ఉండేది, అయినా వినేవారు.

మూడో రోజు సెలవు. మధ్యాహ్నం క్యాబేజీ చారు ముందు కూర్చున్నప్పుడు బూట్ల చప్పుడు వాళ్ళ తలుపు ముందు ఆగింది. ఉస్తీన్య లేచి, తలుపు తీయడానికి కాదు, మంచం కింది మూట తీయడానికి వంగింది. నికిఫర్ కోటు తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, అప్పుడు తలుపు తీశాడు. షూబిన్ నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికో బయల్దేరినట్టున్నావే," అన్నాడు వాడు. ఉస్తీన్య చేతిలో మూట చూసి నవ్వు ఆపేశాడు.

వాడికి ఇంజినీరు చెప్పాడట, ఊదిన సంగతి. అంతా వినేసి వాడు తన జవాబు రాసి ఇచ్చేశాడు. బయల్దేరేముందు రన్‌వే మీద ఉన్నప్పుడు చేతులూరుకోక, నియమానికి విరుద్ధంగా, పిడి కాస్త లాగి తోక తాళాన్ని సగం తెరిచి మళ్ళీ మూశానని, అప్పుడు ఇంజన్ల గాలికి లేచిన మంచు అందులో పడి ఉంటుందని రాశాడు. ఇక నికిఫర్ చేయవలసింది ఒక్కటే. తాళాన్ని పొడిగా, శుభ్రంగా అప్పగించానని రాసి సంతకం పెట్టాలి.

"అబద్ధం రాయను," అన్నాడు నికిఫర్. "నా తప్పుకి నువ్వు పోవడమేంటి?"

"నేనెక్కడికీ పోను బాబాయ్. నాకు మందలింపు ఇస్తారు. కాలర్ మీది హోదా గుర్తు పీకుతారు, ఎక్కడో తోస్తారు, అక్కడా విమానాలుంటాయి. నీకు మందలింపులివ్వరు. ఆ సంగతి నీకూ తెలుసు." వాడు రొట్టె ముక్క ఒకటి విరిచి చారులో ముంచుకున్నాడు. "నువ్వు నోరు విప్పకపోతే నేనిప్పుడు ఈ చారు తాగేవాణ్ణి కాదు. నీ మెడ మీద కత్తి ఉందని తెలిసి కూడా వెంటనే పరిగెత్తుకెళ్ళి చెప్పావు. నేను ఒక కాగితం రాయలేనా?"

వెంటనే అన్న మాట నికిఫర్ గుండెలో ముల్లులా దిగింది. వెంటనే కాదు అని చెప్పాలని నోరు తెరిచాడు. ఉస్తీన్య ఆయన ముఖం వైపే చూస్తోంది. నల్లగా కమిలిన చేతులతో మూటని గుండెకి హత్తుకుని, ముప్పై ఏళ్ళు తన పక్కన పడుకున్న మనిషి.

"సంతకం పెట్టు ముసలోడా," అంది ఆవిడ. "ఆ పిల్లాడు దేవుడిలా వచ్చాడు. పెట్టు."

పెట్టాడు. ఈసారి సంతకం ఆయనదిలాగే వచ్చింది, అదే ఆయనకి నచ్చలేదు.

అన్నీ షూబిన్ చెప్పినట్టే జరిగాయి. కెప్టెన్ పోయి సీనియర్ లెఫ్టినెంట్ అయ్యాడు. పరీక్షల నుంచి తీసేసి బైకాల్ సరస్సు అవతల ఏదో స్థావరానికి వేశారు. ఫిట్టర్లకి కొత్త ఉత్తర్వు వచ్చింది, చలికాలంలో తాళం దగ్గర పనిచేసేటప్పుడు నోటికి గుడ్డ కట్టుకోవాలని. ఎందుకో ఉత్తర్వులో లేదు. రాసిన ఇంజినీరుకి తెలుసు, టైపు కొట్టిన రిమ్మాకి తెలుసు. రెండో అంతస్తు మనిషి నికిఫర్ ఎదురైతే మునుపటిలాగే మర్యాదగా తల ఊపేవాడు. వాడికి ఏం తెలుసో ఎవరికీ తెలీదు.

షూబిన్ వెళ్ళే రోజు నికిఫర్, ఉస్తీన్య స్టేషనుకి వెళ్ళారు. వెళ్ళకపోతే బాగుండదు, వెళ్తే ఎవరు చూస్తారో అని దారంతా భయమే. ప్లాట్‌ఫారం మీద షూబిన్ ఒక్కడే నిలబడి, చెక్కపెట్టె తాళంతో కుస్తీ పడుతున్నాడు. టికెట్టు లోపల పెట్టి మూశాడట, తాళం చలికి బిగుసుకుంది.

"లాగకు, నొక్కు," అన్నాడు నికిఫర్ అలవాటుగా. వాడు నొక్కాడు, తాళం విడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. షూబిన్‌కి నవ్వొచ్చింది. నికిఫర్‌కి రాలేదు.

పెట్టె పక్కన కాసేపు కూర్చుందామని షూబిన్ అన్నాడు. ముగ్గురూ కూర్చుని మాటల్లేకుండా ఆ క్షణం గడిపారు. ఉస్తీన్య లేచి, దారిలో తినడానికి తెచ్చిన, కూర కూరిన రొట్టెలు పెట్టెలో సర్దుతోంది. అప్పుడు నికిఫర్ మెడ చుట్టూ ఉన్న మఫ్లర్ కిందకి లాగి, ఆవిడకి వినబడకుండా చెప్పాడు.

"రోద్యా, నేను వెంటనే చెప్పలేదు. నువ్వు పైకి ఎక్కుతుండగానే నాకు తెలిసింది. అప్పటికి నిన్ను ఊరికే దింపేయొచ్చు. గోడ పక్కన నిలబడి చూశాను. పద్దెనిమిది నిమిషాలు."

షూబిన్ ముఖంలో నవ్వు పోయింది. నికిఫర్ నోటినుంచి ఆవిరి వచ్చి ఇద్దరి మధ్యా తేలిపోతోంది, ఆ ఆవిరినే వాడు చూస్తున్నట్టున్నాడు. తిడతాడేమో, చెయ్యి చేసుకుంటాడేమో, ఇప్పుడే వెనక్కి వెళ్ళి కాగితం మార్చి రాస్తాడేమో అని నికిఫర్ ఎదురుచూశాడు. అదే మంచిదనిపించింది కూడా.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

వాడు తొడుగులు తీశాడు. నికిఫర్ మఫ్లర్ అంచులు రెండూ పట్టుకుని, పైకి లాగి, ముక్కూ నోరూ కప్పేలా చుట్టి, మెడ వెనక ముడివేశాడు. ముడి గట్టిగానే వేశాడు. "చలిగా ఉంది బాబాయ్," అన్నాడు. "కట్టుకుని ఉండు." పెట్టె తీసుకుని బోగీ ఎక్కాడు, కిటికీ దగ్గరకి రాలేదు.

రైలు పోయాక ఉస్తీన్య, ఏం చెప్పావని అడిగింది. జాగ్రత్తగా ఉండమన్నాను అన్నాడు నికిఫర్, గుడ్డ లోపలినుంచి.

జూన్‌లో బైకాల్ అవతలి నుంచి ఒక కార్డు వచ్చింది. రెండే వాక్యాలు. ఇక్కడ వేసవిలో కూడా తాళాలు నొక్కే తీస్తున్నాను. మఫ్లర్ విప్పావా, విప్పలేదా? అని. క్షమించానని అందులో రాయలేదు గానీ, క్షమించని మనిషి మఫ్లర్ సంగతి అడగడు. అంతమాత్రం నికిఫర్‌కి అర్థమైంది. కార్డు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర ఎండలో చాలాసేపు నిలబడ్డాడు.

జవాబు రాయాలని కూర్చున్నాడు. ఉత్తరాలు దారిలో ఎవరు చదువుతారో తెలీదు. మఫ్లర్ అంటే ఏమిటి, తాళం నొక్కడమంటే ఏమిటి అని ఎవరైనా అడిగితే? ఈ వారం కాదు, వచ్చే వారం రాద్దామనుకున్నాడు. చలికాలం వచ్చాక, గొడవలు సద్దుమణిగాక రాద్దామనుకున్నాడు. మరుసటి వేసవిలో మంగోలియా సరిహద్దున యుద్ధం జరిగింది, అక్కడ చనిపోయిన పైలట్ల పేర్లు మా కాలనీకి ఒక్కొక్కటే చేరాయి. రిమ్మా ఆ జాబితా తెచ్చి నికిఫర్ బల్ల మీద పెట్టి వెళ్ళింది. షూబిన్ పేరు మూడోది.

నికిఫర్ ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికాడు. అమ్మలూ కూనలూ పోయాయి, యుద్ధం వచ్చింది, పోయింది. రెండో అంతస్తు మనిషి కూడా ఒకరోజు పోయాడు, వాడి తలుపు మీదా కాగితం సీలు పడింది. జూలైలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకుని తిరిగే ముసలాయన్ని చూసి మేమంతా నవ్వుకునేవాళ్ళం. పంటి నొప్పి అనేవాడు. పోయే ముందు వారం ఉస్తీన్యని కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. ఆయన పోయాక ఆవిడ మూట విప్పి చూపించింది మాకు. రొట్టె ముక్కలు రాళ్ళయ్యాయి, మేజోళ్ళు చిమ్మెటలు తిన్నాయి. కార్డు మాత్రం మడత నలగకుండా ఉంది. దానికింద ఒక తెల్ల కాగితం, "ప్రియమైన రోద్యా" అని రాసి, అక్కడితో ఆగిపోయినది. పద్దెనిమిది నిమిషాలకి వాడి దగ్గర క్షమ దొరికింది, రాయని ఈ జవాబుకి మాత్రం క్షమించమని అడగడానికి మనిషి లేకపోయాడని ఆయన అన్నాడట. ఆ మాట చెప్తూ ఉస్తీన్య ఏమీ కలపలేదు.